దూదిలో ఉప్పునీళ్లు

మిట్టమధ్యాహ్నం! నీడ సైతం భయపడి మనిషి పాదాల కిందికి దూరే వేళ... అర్ధరాత్రి కంటే ఈ వేళే చెడ్డదని నేనెప్పుడూ అంటాను, ఎవరూ వినరు. రాత్రయితే తలుపులు వేసుకుంటాం. పగలైతే రండి కూర్చోండి అంటాం. అలాగే పిలిచి కూర్చోబెట్టాం, జనాన్ని సముద్రానికి తీసుకెళ్లే ఆ టూర్లాయనని, మా కొట్టులో, దూది బస్తా మీద.

మాది పరుపులు, దిండ్లు కుట్టే ఇల్లు. నేనూ, నా చిన్నకూతురూ, నా పెద్దకూతురు కన్న బుడంకాయా... అంతే మేం. పెద్దది సముద్రం చూడ్డానికి వెళ్లి అలకి కొట్టుకుపోయిందన్నారు. శవమైనా దొరకలేదు. దాని కూతురు మాత్రం వేసవి వస్తే చాలు, "అమ్మున్న సముద్రం చూపించు" అని నా ప్రాణం తోడేసేది. ఆ ఏడుపు చూడలేక చివరికి సరే అన్నాం.

టూర్లాయన నేలమీద పటం పరిచాడు. నెమ్మదైన మనిషి. తేనె పూసిన మాట.

"ఇదిగో పెద్దమ్మా, మీ గది ఇక్కడ. కిటికీ తీస్తే కెరటాలే! పొద్దున్నే పడవ షికారు, సాయంత్రం ఇసుకలో ఆటలు."

"కింది గది చూడు బాబూ, మెట్లంటే నా మోకాళ్లు అలుగుతాయి," అన్నాను.

"అమ్మకి మెట్లొద్దు, ఎండొద్దు, తడొద్దు. ఇంక సముద్రం దేనికి, ఫొటో కొనిస్తే పోలా?" అని చిన్నది వెక్కిరించింది.

అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు, పెదాలతోనే. సంచిలోంచి ఒక మెడదిండు తీశాడు. "ప్రయాణంలో పాపకి. పాపే పెట్టుకోవాలి సుమా!" బుడంకాయ సంబరంగా మెడకి తగిలించుకుంది. మరుక్షణం కళ్లు తేలేసి దూదికుప్ప మీద వాలిపోయింది.

"ఆడి ఆడి అలిసింది," అన్నాడు.

పరుపులవాళ్లింటికి దిండు తెచ్చాడు చూడండి, అక్కడే బెడిసింది వాడి పన్నాగం! పరాయి కుట్టు కనిపిస్తే విప్పి, లోపల ఏం కూరారో చూసి, కూరినవాణ్ని నాలుగు తిట్లు తిట్టి, మళ్లీ కుట్టేదాకా మాకు నిద్రపట్టదు. చిన్నది పిల్ల మెడనుంచి దిండు తీసి నొక్కి చూసింది. మొహం చిట్లించింది.

"ఎవరు కుట్టారండీ ఇది, చేతులా కాళ్లా? అంతా ఉండలే! ఒక్క నిమిషం, ఏకి ఇస్తాను."

"విప్పొద్దు!"

అప్పటికే బ్లేడు కుట్టులోకి దిగింది.

ఫెళఫెళమంటూ... మబ్బు తునకైనా లేని ఆకాశంలో పిడుగు! పట్టపగలు మా దూలం మీద వాలి గుడ్లగూబ భీకరంగా కూసింది! దిండులోంచి రాలింది దూది కాదు... పొడవాటి నల్లని జుట్టు! ఆ జుట్టు చుట్టుకుని దవడ ఎముక! ముందుపన్ను కొసన చిన్న విరుగు. నా పెద్దది దారం తెంపబోయి సూది కొరికి విరగ్గొట్టుకున్న పన్ను అది. కన్నతల్లిని... నాకొకరు చెప్పాలా?

చిన్నది నిలువునా బిగుసుకుపోయింది. కనుగుడ్లు పైకి తిరిగాయి. పొడి జుట్టులోంచి ధారలుగా నీళ్లు... ఉప్పునీళ్లు! నోరు తెరిచింది. వచ్చింది దాని గొంతు కాదు.

"అమ్మా! అల కాదే... వీడు! బండమీంచి తోసింది వీడే! నా తల కోసి దాచుకున్నదీ వీడే!"

వాడి నెమ్మదంతా ఒక్కసారి ఊడిపడింది. సంచిలోంచి పుర్రె తీసి పైకెత్తి పట్టాడు. ఆ కళ్లు చితిలో నిప్పుకణికలు! ఆ నవ్వు శ్మశాన వికటాట్టహాసం!

"తల్లి కపాలం నా గుప్పిట్లో ఉంది! బిడ్డ ప్రాణం కూడా అవే నీళ్లలో కలిస్తే మృత్యువు నా వాకిట కుక్కలా పడుంటుంది! ఒడ్డుకి చేరేదాకా ఆగుదామనుకున్నాను... ఇక్కడే కానిస్తాను! హ్రీం... క్లీం..."

దూదికుప్ప మీద బుడంకాయ పెదాలు నీలంగా మారాయి. ఊపిరి తీస్తుంటే గొంతులో గుడగుడమని నీటి చప్పుడు! చెల్లెలి ఒంటితో పెద్దది వాడిమీదికి లంఘించింది. ఆ మంత్రాక్షరాలు దాన్ని గోడకేసి విసిరికొట్టాయి.

"నోరమ్మా... వాడి నోరు మూయించు!"

నేను లేచాను. వాడు నా వైపు తిరిగాడు.

"ఆగు ముసలీ! కదలకుండా కూర్చో. నీ పెద్దదాన్ని ఈ ఇంట్లోనే ఉంచుతాను, రోజూ అమ్మా అని పిలుస్తుంది. నా మంత్రం తెగిందా... ఆ గొంతు నీకు మళ్లీ వినపడదు!"

నా చేయి ఆగింది. ఆ పిలుపు కోసం ఎన్ని దిండ్లు తడిపానో నాకే తెలుసు. అంతలో బుడంకాయ దగ్గింది. దాని నోట్లోంచి నురగ...

రెండు చేతులా దూది తీసి వాడి నోట్లో కుక్కాను! దిండు మూలలు ఎలా కూరతారో చూశారా? బొటనవేలితో అదిమి, మళ్లీ పెట్టి, మళ్లీ అదిమి... గాలి చొరకుండా కూరడమే నేను బతుకంతా చేసిన పని.

"ఇది నా కూతురికి! ఇది దాని కూతురికి! ఇది నా కడుపుకోతకి!"

మంత్రం గొంతులోనే తెగింది.

ఇక చూడాలి! ఆ నాలుగు గోడల మధ్య సముద్ర ఘోష! చిన్నదాని తడిసిన చేతులు రెండు వాడి కంఠాన్ని పెనవేసుకున్నాయి. ముక్కులోంచి, చెవుల్లోంచి ఉప్పునీళ్లు ఎగదన్నాయి. నిప్పులు చెరిగే ఎండలో, పొడి దూది మధ్య, నడిసముద్రంలో మునిగేవాడిలా కాళ్లు తపతపా కొట్టుకున్నాడు. వేళ్లు గాలిలో ఆసరా కోసం వెతికాయి... వెతికి వెతికి ఆగిపోయాయి. నేను కళ్లు తిప్పుకోలేదు. చివరిదాకా చూశాను.

"పిల్లని సముద్రానికి భయపడేలా పెంచకమ్మా," అంది పెద్దది. ఆ తర్వాత ఎంత పిలిచినా పలకలేదు. చిన్నది కూలబడి, "నా జుట్టెందుకే తడిసింది?" అంది. బుడంకాయ లేచి ఆకలన్నది.

పోలీసులొచ్చారు. వాడి నోట్లో నేను కూరిన దూది ఒక్క పోగైనా కనిపించలేదు. డాక్టరు కోసి చూస్తే ఊపిరితిత్తుల నిండా సముద్రపు నీళ్లేనట!

"ఇక్కడికి సముద్రం ఎలా వచ్చిందమ్మా?" అని గుచ్చి గుచ్చి అడిగారు.

"టూర్ల పని ఆయనది బాబూ, నాదా?" అన్నాను.

ఆ వేసవిలోనే మామూలు బస్సెక్కి వెళ్లాం. పుర్రెనీ, ఎముకనీ, జుట్టునీ నా చేతులతోనే కెరటానికి అప్పగించాను. బుడంకాయ ఒక్క ఉదుటున నీళ్లలోకి పరుగెత్తింది.

"అమ్మా, పట్టుకో దాన్ని! మోకాళ్లు దాటిపోతోంది!" అని చిన్నది గోల.

పెద్ద అల లేచింది. పిల్లని పైకెత్తింది... కాసేపు అలాగే ఉంచి, మెల్లగా ఇసుకలో దించి వెనక్కి వెళ్లింది.

"అరవకే," అన్నాను. "ఎత్తుకోనీ."