ఇన్‌స్పెక్టరు తాగని కాఫీ

ముందుగా ఒక మన్నింపు కోరుకుంటున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, తల నెరిశాక. ఎక్కడైనా ఒత్తు జారినా, దీర్ఘం మరిచినా కోప్పడకండి. నా చెయ్యి నిదానం. ఈ కాస్త కథకే ఒక వానకాలం పట్టింది. కథలోని పిల్లకు మాత్రం నిదానమంటే ఏమిటో తెలియదు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

అది ఎనభై ఒకటో సంవత్సరం, ఆడి నెల, అంటే ఆషాఢం. తిరుత్తణి కొండకు కావళ్ళు మోసేవాళ్ళతో బజారు కిటకిటలాడుతోంది. ఆ గుంపును తప్పించుకుంటూ, ఒక చేత రేకు పెట్టె, ఇంకో చేత ఫ్లాస్కు పట్టుకుని ఒక యువకుడు బ్యాంకులోకి వచ్చాడు. చొక్కా మీద ఎవరిదో విభూతి అంటుకుని ఉంది.

చంద్రావతి ఆ బ్యాంకులో హెడ్ క్యాషియరు. పొదటూరుపేట రైతు దేవరాజులు గారి ఒక్కగానొక్క కూతురు. ఆమె తల ఎత్తకుండానే, "టోకెన్ తీసుకోని కూర్చోండి సార్," అంది.

"టోకెన్ వద్దు మేడమ్. స్ట్రాంగ్‌రూమ్ తాళంచెవి చూపించండి."

ఇప్పుడు తల ఎత్తింది. "అది అడిగేదానికి మీరెవురు?"

"ఇంద్రసేన. మద్రాసు హెడ్డాఫీసు. ఇన్‌స్పెక్షన్."

ఆ ఇనుప గది తలుపుకు రెండు తాళాలు. ఒక చెవి మేనేజరు దగ్గర, రెండోది హెడ్ క్యాషియరు ఒంటి మీద ఉండాలి. రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. చంద్రావతి నడుము తడుముకుంది. చెవి అక్కడ లేదు. క్యాలెండరు పక్కన మేకుకు వేలాడుతోంది.

ఇంద్రసేన దాన్ని చూశాడు. "ఆ మేకుకు ఉద్యోగం ఎప్పుడిచ్చినారు మేడమ్?"

"అన్నం తినేటప్పుడు నడుముకు గుచ్చుకుంటుంది సార్. మీరూ చీర కట్టుకోని చూడండి, తెలుస్తుంది."

అటెండరు ఎల్లప్ప నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వకుండా రాసుకున్నాడు.

మేనేజరు నటరాజ్ పరుగున వచ్చి కాఫీ తెప్పించాడు. ఇంద్రసేన గ్లాసును మర్యాదగా పక్కకు జరిపాడు. తనిఖీకి వచ్చినవాడు ఆ బ్యాంకువాళ్ళ దగ్గర ఏదీ పుచ్చుకోకూడదు. రిపోర్టు మీద సంతకం పడేదాకా అదే రూలు. అందుకే ఆ ఫ్లాస్కు.

"నీళ్ళు గూడా తెచ్చుకున్నారా సార్?" అంది చంద్రావతి.

"తెచ్చుకున్నా."

"గాలి మాత్రం మాదే పీలుస్తారా?"

"గాలికి ఇంకా రూల్ రాలేదు మేడమ్."

సాయంత్రాలు బ్యాంకు వెనక మైదానంలో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారు. పసుపుపచ్చ ఊలు బంతి, పక్కకు ఐదుగురు. చంద్రావతి కొంగు దోపుకుని దిగిందంటే మగవాళ్ళు కూడా వెనక్కి జరిగేవారు. ఇంద్రసేన ఆటకు రాలేదు. పక్క దుకాణంలో స్టూలు ఒకటి అడిగి తెచ్చుకుని, ఎక్కి కూర్చుని, అంపైరు పని చేశాడు.

"ఆడేది చేతగాదా సార్?"

"ఆడితే గెలవాలనిపిస్తుంది. అంపైరుకు ఆ బాధ లేదు. ఆదివారమైతే నేను తిరువళ్ళూరులో ఏదో ఒక కోర్టు పక్కనే ఉంటా."

"వారమంతా పక్కోళ్ళ తప్పులు పట్టేది, ఆదివారం సరదాకు మళ్ళా తప్పులు పట్టేదా?"

ఆ మాటకు అతను మొదటిసారి నవ్వాడు. నవ్వుతూ ఒక పాయింటు లెక్క మరిచిపోయాడు. రెండు జట్లూ అరిచాయి. చంద్రావతి అరవలేదు. ఆ నవ్వు ఎంత సేపు ఉంటుందో చూస్తూ నిలబడింది.

ఒక సాయంత్రం వాన కురిసింది. చంద్రావతి గొడుగు తెరిచి, "రండి, బస్టాండు దాకా," అంది.

"గొడుగు గూడా బ్యాంకువాళ్ళదే గదా."

అతను గొడుగు బయటే, ఆమె పక్కనే, తడుస్తూ నడిచాడు. గొడుగు కింద ఉన్నా చంద్రావతికి ఒక భుజం తడిసింది. గొడుగు ఎటు వంగిందో ఆమెకు తెలుసు.

తనిఖీ ముగిసిన రోజు పెట్టె సర్దుకుని ఆమె కౌంటరు ముందు నిలబడ్డాడు. "మేడమ్, మా అమ్మా నాయనను మీ ఇంటికి పిల్చుకొస్తా."

"దేనికి? మా ఇంట్లో స్ట్రాంగ్‌రూమ్ లేదే."

"పిల్లను చూసేదానికి."

చంద్రావతి చేతిలోని రబ్బరు స్టాంపును తలకిందులుగా వేసింది. "పిల్చుకోని రండి," అంది, స్టాంపునే చూస్తూ.

ఆ వచ్చే ఆదివారమే ముగ్గురూ వచ్చారు. తండ్రి సుందరరాజ్ రైల్వేలో రిటైరైనవాడు. అతనూ భార్యా జాంగిరీ తిన్నారు, బజ్జీలు తిన్నారు, కారం బాగుందన్నారు. ఇంద్రసేన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. చంద్రావతి ఇచ్చిన కాఫీ అతని ముందు మీగడ కట్టింది.

"తాగు నాయనా," అంది తల్లి.

"వద్దుమా."

"పోనీ, మజ్జిగ తెమ్మందునా?" అన్నాడు దేవరాజులు.

"వద్దండి."

"నీళ్ళన్నా తాగు."

"వద్దండి."

ఆ వైపు ఊళ్ళలో, పిల్లను చూడటానికి వచ్చినవాడు పిల్ల ఇచ్చింది ముట్టకుండా లేచాడంటే, పిల్ల నచ్చలేదని అర్థం. నోటితో చెప్పే పనే లేదు. బండి వీధి మలుపు తిరగగానే దేవరాజులు తువ్వాలు విదిలించాడు.

"నా ఇంట్లో నీళ్ళు గూడా దిగలేదా వాడి గొంతులో? శుక్రవారం పచ్చయ్యప్పను రమ్మంటాను. తాంబూలాలు మార్చుకుందాం."

పచ్చయ్యప్ప చంద్రావతి మేనమామ కొడుకు, పళ్ళిపట్టులో రైసు మిల్లు ఉంది. పెళ్ళయితే ఆమె ఉద్యోగం మానాలని ఎప్పుడో చెప్పేశాడు. చంద్రావతికి ఇప్పుడు ఇంద్రసేనా, ఉద్యోగమూ రెండూ పోయేలా ఉన్నాయి.

"నాయనా, ఒక్క మాట. రేపు సెలవే గదా, తిరువళ్ళూరులో పోటీలుండాయి. ఆయన అక్కడనే ఉంటాడు. ముఖాన అడుగుదాం. నచ్చలేదంటే, పచ్చయ్యప్ప బావకు నేనే కాఫీ కలిపిస్తా."

మరుసటి రోజు తండ్రీకూతుళ్ళు మైదానానికి వెళ్ళేసరికి ఇంద్రసేన ఎత్తు స్టూలు మీద ఉన్నాడు.

"ఏమయ్యా, దిగు!" అన్నాడు దేవరాజులు.

"ఆట నడస్తా ఉందండి. అంపైరుతో మాట్లాడకూడదు."

"తాగకూడదు, తినకూడదు, మాట్లాడకూడదు! ఊపిరన్నా తీసుకుంటావా?"

వాన వచ్చి వాళ్ళను ఆదుకుంది. ఆట ఆగిందని ప్రకటించాకే ఇంద్రసేన దిగాడు. ముగ్గురూ మైదానం పక్కనున్న బడి వరండాలోకి చేరారు.

"నా బిడ్డ నచ్చలేదా? నోటితో చెప్పు."

"అయ్యో, ఎవురన్నారండి? తిరుత్తణి రిపోర్టు మీద ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టేదాకా బ్యాంకువాళ్ళ ఇంట్లో ఏదీ ముట్టకూడదు."

దేవరాజులు నోరు తెరిచాడు. ఈ మాటకు తిట్టాలో నవ్వాలో ఆయనకు తోచలేదు. చంద్రావతికి మాత్రం తోచింది.

"కాఫీ తాగితే తప్పు. పిల్లను చూస్తే తప్పు లేదా?"

ఇంద్రసేన చేతిలోని స్కోరు కాగితాన్ని మడత పెట్టాడు.

"మేకు సంగతి రాసినారా?"

"రాసినా."

"నువ్వు దాన్ని ఉంచితే, కట్టుకోబోయేదాని మీదే రాసినాడంటారు. కొట్టేస్తే, కట్టుకోబోయేదాని కోసం దాచినాడంటారు. ఎట్ల చేసినా తప్పే. నీ చెల్లెలు ఆడే ఆటకు నువ్వు స్టూలు ఎక్కుతావా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఇద్దరూ గమనించలేదు. దేవరాజులు గమనించాడు.

ఇంద్రసేన తడిసిన జుట్టును వెనక్కి తోసుకున్నాడు. "ఎక్కను," అన్నాడు మెల్లగా. "కాఫీ తాగకుంటే చాలనుకున్నా. మీ ఇంటికి రావడమే తప్పు."

"అయితే వద్దంటావా?"

"నిన్ను కాదు. రిపోర్టును."

మర్నాడు అతను మద్రాసులో పై అధికారి గదిలోకి వెళ్ళి, తిరుత్తణి హెడ్ క్యాషియరును పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నానని, ఆ రిపోర్టు మీద తాను సంతకం చేయలేనని చెప్పాడు. అధికారి నవ్వలేదు. మొదటి రోజే చెప్పవలసిన మాట అన్నాడు. ఇన్‌స్పెక్షన్ నుంచి తీసేసి తిరువళ్ళూరు బ్రాంచిలో ఒక మూల కుర్చీకి పంపాడు. రావలసిన ప్రమోషను వెనక్కి పోయింది. అతని రిపోర్టును పక్కన పడేశారు. బుధవారమే తిరుత్తణికి వేరే ఇన్‌స్పెక్టరు వచ్చి అంతా మొదటి నుంచి మొదలుపెట్టాడు.

"ఎన్నమ్మా ఇదు, ఏందమ్మా ఇది!" అని మేనేజరు నటరాజ్ తల పట్టుకున్నాడు. "కల్యాణం నీకు, రెండోసారి ఇన్‌స్పెక్షన్ నాకా?"

"మేకు మాట ఈయనకు చెప్పమాకు తల్లీ," అని ఎల్లప్ప బతిమాలాడు. కొత్త ఇన్‌స్పెక్టరు తాళంచెవి గురించి అడిగినప్పుడు చంద్రావతి తానే చెప్పింది. ఆయన అక్కడికక్కడే మెమో రాసిచ్చాడు. దాన్ని తీసుకుని సంతకం చేసి ఇచ్చింది.

ఆ మర్నాడు, గురువారం పొద్దున్నే ఇంద్రసేన ఒక్కడే బస్సు దిగి పొదటూరుపేట వచ్చాడు. దేవరాజులు వాకిట్లో వేరుశెనగ కాయలు ఆరబోస్తున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ప్రమోషన్ పోయిందంటనే?"

"పోయిందండి."

"రేపు తాంబూలాలకు వస్తుండేవాడికి మిల్లుంది. నీకేముంది?"

"మూల కుర్చీ ఉంది."

"నా బిడ్డది నీకంటే పెద్ద సీటంట గదా. ఇంటికొచ్చినాక ఎవురి మాట చెల్లుతుంది?"

"ఆమెదే చెల్లుతుంది మామా."

దేవరాజులు చేతిలోని కాయలు కింద పడేశాడు. "ఏమన్నావు?"

ఇంద్రసేన చెవులు ఎర్రబడ్డాయి. నోరు జారిన మాటను వెనక్కి తీసుకునేవాడు కాదతను. తల వంచుకుని నిలబడ్డాడు.

"తాంబూలం లేదు, ముహూర్తం లేదు, అప్పుడే మామనంట!" దేవరాజులు ఇంటి వైపు తిరిగి అరిచాడు. "వింటివా బిడ్డా? ఏం చెయ్యమంటావు ఈణ్ణి?"

చంద్రావతి బ్యాంకుకు బయలుదేరుతోంది. గడప దాటుతూ ఇంద్రసేనను చూసింది, తర్వాత తండ్రిని.

"నేనేం చెప్పేది నాయనా? పిల్చింది నిన్ను. నువ్వు పలుకుతావా, పలకవా?"

దేవరాజులు చాలా సేపు కాయలు ఏరాడు. బస్సు హారను వినబడింది. చంద్రావతి కదల్లేదు.

"ఎండలో ఎంత సేపు నిలబడతావు అల్లుడా," అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. "పళ్ళిపట్టుకు నేను కబురు పంపిస్తాలే. లోపలికి పా."

ఆ పూట చంద్రావతి బ్యాంకుకు ఆలస్యంగా వెళ్ళింది. రిజిస్టరులో కారణం రాయవలసిన చోట 'సొంత పని' అని రాసింది.

— మునియమ్మ, డెబ్బై మూడేండ్లు. ఇప్పుడు కవరైపేట్టైలో, కూతురి ఇంట్లో ఉంటున్నాను.