సీసాలో మాకరోనీ

అమెరికాలోని డులూత్‌లో ఆ ఉదయమూ మంచు కురుస్తూనే ఉంది. బడి బస్సు వచ్చే వేళైంది. ఏడేళ్ల టెస్సా మాత్రం ఒక బూటు వేసుకుని, రెండోదాన్ని చంకన పెట్టుకుని కిటికీలోంచి కాకుల్ని చూస్తోంది.

"బూటు, తల్లీ! ఎన్నిసార్లు చెప్పాలి?" తల్లి మోరీన్ అరిచింది.

టెస్సా గభాల్న తిరిగింది. మోచెయ్యి తగిలి గ్లాసులో పాలు ఒలికి మోరీన్ ఆఫీసు బట్టలన్నీ తడిశాయి.

మోరీన్‌కి ఒళ్లు మండిపోయింది. గూట్లోని గాజుసీసా తీసి, అందులోని ఎండు మాకరోనీ గొట్టాలన్నీ చెత్తబుట్టలో గుమ్మరించేసింది. చెప్పగానే పళ్లు తోముకుంటే ఒకటి, బూట్లు వేసుకుంటే ఒకటి చొప్పున పిల్ల సంపాదించుకున్న మాకరోనీ అది. సీసా నిండితే మంచుకొండ మీంచి స్లెడ్డు బండిలో జారే ఆట. నిండడానికి ఇంకా రెండు వేళ్లే వెలితి.

టెస్సా ఏడవలేదు. వంగి రెండో బూటు వేసుకుని బస్సెక్కింది.

"ఆ తల్లుల క్లాసులెందుకే అన్నానా? మా రోజుల్లో రెండు తగిలిస్తే దారికొచ్చేవాళ్లు" అంది మోరీన్ తల్లి లోయిస్, కాఫీ తాగుతూ.

"తగిలించావుగా! ఇప్పటికీ నీ అడుగుల చప్పుడు వింటే నా చేతిలో వస్తువు జారిపోతుంది!"

లోయిస్ కప్పు కింద పెట్టింది. "నాకెవరు నేర్పారే? నీకైతే నేర్పేవాళ్లున్నారు" అంది నెమ్మదిగా.

ఆ మాట మోరీన్ గుండెల్లో గుచ్చుకుంది. నిజమే, నేర్పారు. లైబ్రరీలో తల్లుల క్లాసు మొదటిరోజే చెప్పారు: "ఎంత కోపమొచ్చినా పిల్లలు సంపాదించుకున్నది లాక్కోకండి." అప్పుడు "అయ్యో, అంతపని చేస్తామా!" అని అందరికంటే గట్టిగా నవ్వింది తనే.

సాయంత్రం టెస్సా వచ్చేసరికి మోరీన్ చెత్తలోంచి ఏరి కడిగిన మాకరోనీ సీసాలోకి ఎత్తుతోంది. టెస్సా బెదురుతూ చేతితొడుగు విప్పింది. అరచేతిలో ఒక్క మాకరోనీ.

"పొద్దున కింద పడితే తీసుకున్నా. దొంగతనం కాదు కదా?" అంది. "పాలు ఒలకబోశాను. కానీ ముందు రోజుల్లో బూట్లు నిజంగానే వేసుకున్నా కదమ్మా?"

మోరీన్ నేలమీద కూలబడి పిల్లను హత్తుకుంది. "నిజంగానే వేసుకున్నావు తల్లీ. అది నీది. తప్పంతా నాదే" అని వెక్కివెక్కి ఏడ్చింది.

వెనకనుంచి లోయిస్ చెయ్యి చాచింది. వేళ్ల మధ్య ఇంకో కొత్త మాకరోనీ.

"ఇదీ వెయ్యి. పొద్దున అంత గొడవ తర్వాతా, మళ్లీ ఎవరూ చెప్పకుండానే రెండో బూటు వేసుకుంది. నేను చూశాను" అంది కళ్లు తుడుచుకుంటూ.