తలలు తెగిన గిటార్లు

"ఇవి పుస్తకాలా, కరపత్రాలా?"

బైండింగ్ షాపు అమ్మాయి అడిగిన తీరుకి లిఫ్ట్ మెకానిక్‌కి ఒళ్లు మండింది.

"ఫ్యాన్‌జైన్లండీ! రాక్ బ్యాండ్ల అభిమానులే రాసుకుని, జిరాక్స్ తీసి, పిన్ను కొట్టి పంచుకునేవి. నలభై ఒకటి. పోగెయ్యడానికి తొమ్మిదేళ్లు పట్టింది."

"అన్నిట్లోనూ గిటార్లేనా?"

"బేస్ గిటార్లు. అందులోనూ వింతవే. దీనికి పన్నెండు తీగలు. ఇది మంచం కోడుతో చేసుకున్నాడు. ఇది చూడండి, అచ్చం పారలా లేదూ?"

"పారే నయం, పనికొస్తుంది."

నవ్వితే ఆమె బుగ్గ మీది జిగురు చార ముడతపడింది. మండిన ఒళ్లు కాస్తా చల్లారిపోయింది. బయట వాన మొదలైంది. సంచీలో గొడుగున్నా అతను తియ్యలేదు.

"అంచులు కొయ్యమంటారా, గిటార్‌గారూ?"

"మీ ఇష్టమండీ," అన్నాడు, ఆమె చెవి మీద దోపుకున్న పెన్సిల్‌ని చూస్తూ.

ఆ వారంలో "అయిందా?" అంటూ నాలుగుసార్లు వచ్చాడు. కాలేదన్న ప్రతిసారీ సంతోషంగా వెళ్లాడు.

"కోత మిషన్ మీద నాన్న నన్ను ఈ నెలే నిలబెట్టారు," అంది ఒకరోజు. "రెండేళ్లు బతిమాలాను. ఒక్క పని చెడినా దాన్ని మా బావకి, అదే అక్క భర్తకి, ఇచ్చేస్తారట."

ఐదోసారికి పని అయింది. నీలం అట్ట, లోపల అద్దంలా సమానమైన పేజీలు. తిప్పుతున్న అతని చెయ్యి ఆగిపోయింది. ఒక్క గిటారుకీ తల లేదు. ఈ అభిమానులు బొమ్మని పేజీ చివరిదాకా లాగి అచ్చేస్తారు. తీగలు బిగించే తల సరిగ్గా అంచులో ఉంటుంది. వింతంతా ఆ తలల్లోనే.

"ఏం చేశారండీ ఇది! చేతకాకపోతే చెప్పొచ్చుగా!"

ఆ కేకకి లోపల్నించి ఆమె తండ్రి వచ్చాడు. వెనకే బావ.

"కొయ్యమంటారా అని అడిగాను నాన్నా. చెప్పండి, అడిగానా లేదా?"

ఇద్దరు కస్టమర్లు కూడా అతనివైపే చూస్తున్నారు. అడిగిందని ఒప్పుకుంటే, ఏ ధ్యాసలో పడి 'మీ ఇష్టం' అన్నాడో అదీ చెప్పాలి.

"అడగలేదు," అన్నాడు.

ఆమె ఒక్కసారి చూసింది. చెవి మీది పెన్సిల్ తీసి మిషన్ మీద పెట్టేసింది.

నెల రోజులు అన్నం సహించక, చివరికి వెళ్లాడు. మిషన్ దగ్గర బావ ఉన్నాడు. ఆమె కౌంటర్లో చీటీలు రాస్తోంది. అతను ముందు తండ్రికి నిజం చెప్పాడు.

"ఇప్పుడా బాబూ చెప్పడం?" అన్నాడాయన. "అల్లుడికి అప్పజెప్పేశాను. మళ్లీ లాక్కుంటే మా పెద్దమ్మాయి ఊరుకుంటుందా?"

ఆయన లోపలికి వెళ్లాక అతను కౌంటర్ దగ్గరికి నడిచాడు.

"ఆరోజు మిమ్మల్నే చూస్తూ ఉండిపోయాను. అది ఒప్పుకోలేక అబద్ధమాడాను. మీరంటే నాకు ఇష్టం."

"తెలుసు. అందుకేగా నాలుగుసార్లు తిరిగారు." ఆమె రాయడం ఆపలేదు. "మా షాపులో కొయ్యాలంటే కస్టమర్‌తో చీటీ మీద సంతకం పెట్టించుకోవాలి. మీ ఒక్కరి దగ్గరే పెట్టించుకోలేదు. నాకూ ఇష్టమే కదా, అప్పుడు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు అందరి దగ్గరా పెట్టించుకుంటున్నానండీ," అంది.