ఇంజన్ వినబడని సాయంత్రం

చందూర్ దాటినంక, విమానం నడపడం నేర్పే బడివాళ్ల రన్‌వే కంచెకు ఆనుకుని కాశయ్యకు రెండెకరాల చెరుకు ఉంది. భార్య పోయి నాలుగేళ్లు. పిల్లాజెల్లా లేరు. చేనులోనే ఒక రేకుల గది, ఒక మంచం, ఒక పొయ్యి. పొద్దంతా నెత్తిమీద చిన్న విమానాలు బుర్రుమని తిరుగుతుంటే అదే ఆయనకు తోడు. మనిషితో మాట్లాడి ఎన్ని రోజులైందో ఆయనకే గుర్తుండేది కాదు, పాపం.

పైన విమానం ఉన్నప్పుడు, నరికాక మిగిలిన చెరుకాకు కాల్చొద్దని బడివాళ్లు ఒకటికి పదిసార్లు చెప్పారు. కాశయ్య ఏనాడూ మాట తప్పలేదు. చెవులు రిక్కించేవాడు, చప్పుడు లేకుంటేనే అగ్గిపుల్ల గీసేవాడు. తలెత్తి చూడటం మాత్రం ఎందుకులే అనుకున్నాడు. అక్కడే కొంప మునిగింది.

దిగే విమానం ఇంజన్ తగ్గించుకుని, గాలిమీద తేలుతూ వస్తుందట. ఆ సంగతి ఆయనకెవరు చెప్పారు గనక! ఆ సాయంత్రం చప్పుడు లేదని అగ్గిపుల్ల గీశాడు. ఎండాకు భగ్గుమంది. గాలి మళ్లింది. పొగ రన్‌వేను కమ్మేసింది. పొగలోంచి ఒక రెక్క కనబడింది... అంతే. విమానాన్ని ఒంటరిగా నడుపుతున్న అంకిత అనే ఇరవయ్యేళ్ల పిల్ల, రన్‌వే ఇంకా కాస్త దూరంలో ఉండగానే చెరుకు మోళ్లలో కూలిపోయి ప్రాణం విడిచింది.

"మంట ఎప్పుడు పెట్టినవ్?" అని అడిగారు వచ్చిన అధికారులు.

"నేను పెట్టలే సారూ. విమానం పడ్డంకనే అంటుకున్నది," అన్నాడు కాశయ్య, జైలుకు భయపడి.

పిల్లదే తప్పని రాసుకుపోయారు.

అప్పట్నుంచి రోజూ ఆ వేళకు కీచురాళ్లు ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఇంజన్ చప్పుడు ఉండదు. రెక్కల కింద గాలి మాత్రం సుయ్యిమని రేకుల మీదుగా పోతుంది. నేలను తాకిన చప్పుడు ఎంతకీ వినబడదు. నెల రోజులుగా ఎక్కడా మంట లేకపోయినా, మాడిన బెల్లం వాసన ముక్కు పట్టుకుని వదలదు.

ఇవాళ మధ్యాహ్నం ఆ పిల్ల తండ్రి భానుప్రసాద్ వచ్చాడు. నిజామాబాద్‌లో పుస్తకాల దుకాణం ఆయనది.

"అన్నా, నా బిడ్డకు నడపరాదని అందరంటున్నరు. గా రోజు పొగేమన్న ఉండెనా? నీ కాళ్లు మొక్కుత, నిజం చెప్పు."

"లేదు సారూ..."

ఆయన తన నంబరు రాసిచ్చి తలవంచుకుని వెళ్లిపోయాడు. కాశయ్యకు ముద్ద దిగలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

పొద్దు గూకింది. కరెంటు పోయింది. కీచురాళ్లు ఆగాయి.

సుయ్యి...

ఈసారి గాలి దాటిపోలేదు. కిందికి దిగింది. రేకులు గడగడలాడాయి. ఏదో బరువైనది చెరుకు మోళ్లను నలుపుతూ... కరకర... కరకర... గడప దాకా వచ్చి ఆగింది.

"తల్లీ... చెప్తనమ్మా... ఇప్పుడే చెప్త..."

భానుప్రసాద్ నంబరుకు ఫోన్ కలిపాడు. గొంతు తెగేలా ఏడ్చాడు.

"నేనే అగ్గి పెట్టిన సారూ. పొగల నీ బిడ్డకు దారి కానరాలే. దాని తప్పేం లేదు. రేపు ఠాణాకు పోయి గూడ చెప్త."

కాశయ్య గుండె కాస్త తేలికపడింది. నెల తర్వాత మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు భానుప్రసాద్ గుసగుసగా అడిగాడు.

"అన్నా... నీ పక్కన ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు సారూ. ఒక్కన్నే."

"ఎవరో... దగ్గుతున్నరు."

కాశయ్య చెవులు రిక్కించాడు. గదిలో ఆయనకు ఏ దగ్గూ వినబడలేదు.

"అది నా బిడ్డ దగ్గే..." అన్నాడు తండ్రి. "అన్నా, నీకు దండం పెడుత. ఫోన్ దానికియ్యి. ఒక్కసారి..."

కాశయ్య వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, ఫోన్‌ను భుజం మీదుగా వెనకనున్న చీకట్లోకి చాచాడు.

మెల్లగా, ఎంతో జాగ్రత్తగా, ఎవరో అందుకున్నారు.