మంచు తుడవని మూల

"కోడ్‌వర్డ్ పచ్చిక. డెడ్‌లైన్ పొద్దున ఏడు గంటలు." చీఫ్ లైన్ కట్ చేశాడు.

సాల్మన్ ఇయర్‌పీస్ ఆఫ్ చేసి, ఎరువుల కంపెనీ ఏజెంటు వేషంలో హుజూరాబాద్ దగ్గరి పరిశోధన క్షేత్రం గేటు దాటాడు. ఎదురుగా స్టేడియాల కోసం జన్యువులు మార్చి పెంచిన గడ్డి. మామూలు శిలీంధ్ర తెగుళ్లు దాని జోలికి రావు. ఉన్నది ఈ ఒక్క మడే. విదేశీ ముఠా ఒక మొక్క ఎత్తుకుపోయి, మిగతాదంతా ల్యాబ్‌లో పుట్టించిన కొత్త బూజుతో చంపాలని చూస్తోంది. నెల క్రితం ఇక్కడే వాళ్ల బుల్లెట్‌కు సాల్మన్ పార్టనర్ రాయమల్లు పోయాడు. ఆ రోజు డ్యూటీ నిజానికి సాల్మన్‌ది. చర్చిలో సాల్మన్ చెల్లెలి పెళ్లని అతనికి బదులు రాయమల్లు వచ్చాడు. అప్పటినుంచి కళ్లు మూస్తే చాలు, పక్కన అతని దగ్గు వినిపిస్తుంది.

"ఎవ్వరూ రాలే సాల్మన్. నేను గూడ గిప్పుడే కరీంనగర్ నుంచి వచ్చిన," అంది అమూల్య, నల్లకళ్లద్దాలు పైకి నెట్టి నవ్వుతూ. చేతిలో టీ ఫ్లాస్కు, కాళ్లకు హైహీల్స్. ముఠాలో ఉంటూ సాల్మన్ ఆఫీసుకు గుట్టు అందించే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే బీరువాలు వాటంతటవే తెరుచుకుంటాయని ఆఫీసులో జోకు.

తోటమాలి గంగయ్య పొడవాటి తాడు చుట్టుకుంటూ వచ్చాడు. ఆకుల మీద మంచు నిలిస్తే బూజు పడుతుందని రోజూ పొద్దున్నే గడ్డి మీదుగా తాడు లాగి బొట్లు రాలుస్తాడు. ఈ గడ్డికి అక్కర్లేదని సైంటిస్టులు మొత్తుకున్నా ముప్పై ఏళ్ల అలవాటు మానడు.

"గా మూలకు మాత్రం గుంజలే సారూ. రాయమల్లు సారు పడ్డ జాగ. మనసొప్పలే."

సాల్మన్ చూడలేక చూశాడు. మూలంతా తెల్లటి మంచు. అందులో హైహీల్స్ అడుగులు, స్ప్రింక్లర్ దాకా వెళ్లి తిరిగొచ్చాయి. రోజూలాగే తాడు పడితే అవీ చెరిగిపోయేవి. అమూల్య లెక్క అదే.

సాల్మన్ అటు పరుగెత్తాడు. స్ప్రింక్లర్ గొట్టానికి బూజు నింపిన గాజు క్యాప్సూల్, పక్కన టైమర్. ఇంకా పన్నెండు సెకన్లు. క్యాప్సూల్‌ను పట్టి లాగబోయాడు. చెవి పక్కన ఎవరో దగ్గారు. "జర నిమ్మలంగ, సాల్మన్." అది రాయమల్లు గొంతే. రెండు సెకన్లుండగా క్యాప్సూల్ ఊడొచ్చింది.

తిరిగి చూసేసరికి అమూల్య చేతిలో పిస్టల్. అంతలో గంగయ్య విసిరిన తాడు కాళ్లకు చుట్టుకుని ఆమె బోర్లాపడింది, పిస్టల్ చేజారింది. పడ్డ ఫ్లాస్కులోంచి వేర్లతో సహా గడ్డి బయటికొచ్చింది.

"రాయమల్లును చంపింది నువ్వేనా?"

"నీకు పెట్టిన గురి అది," అంది అమూల్య. "డ్యూటీ మారిందని నాకెవరు చెప్పిండ్రు?"

సాల్మన్‌కు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. కాసేపటికి ఇయర్‌పీస్ ఆన్ చేశాడు.

"గడ్డి క్షేమం సార్."

"వెరీ గుడ్. నష్టం ఏమీ లేదని రాసుకుంటున్నా."

"గడ్డికి లేదని రాసుకోండి సార్."