యాభై కిలోమీటర్ల చీటీ

అక్టోబరులో ఆ శనివారం పొద్దున ఆరున్నరకు గున్వోర్ దాల్చినచెక్క బన్నుల కోసం పిండి కలిపి, గిన్నె మీద గుడ్డ కప్పి, స్నానానికి వెళ్లింది. వచ్చి గుడ్డ తీస్తే పిండిలో నిమ్మకాయంత గుంట ఉంది. గిన్నె అంచున నల్లటి వేలిముద్ర.

"హల్వార్! నా పిండి ఏం చేశావు?"

"అరవకు, అమ్మాయి లేస్తుంది." గొంతు గ్యారేజీలోంచి వచ్చింది. "బ్రేకుకి అంటించాను."

"దేనికి?"

"బ్రేకుకి. ఇంత ముద్ద. మిగతాదంతా నీకే ఉందిగా!"

హల్వార్‌కు డెబ్బై మూడేళ్లు. హామర్‌డాల్‌లో నలభై ఒక్క ఏళ్లు టైర్ల షాపు నడిపి, ఐదేళ్ల కిందట అమ్మేశాడు. ఇప్పుడు అతని చేతికి వచ్చే కారు ఒక్కటే. అది కూతురు హెడ్విగ్‌ది, ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. అక్టోబరులో చలికాలపు టైర్లకు, ఏప్రిల్లో వేసవి టైర్లకు ఆమె ఎస్టర్‌షుండ్ నుంచి డెబ్బై కిలోమీటర్లు నడుపుకుంటూ వస్తుంది. వంటింటి క్యాలెండర్లో ఏడాది మొత్తానికి అతను సున్నా చుట్టే తేదీలు ఆ రెండే.

పోయినేడాది వాడిన చలికాలపు టైర్లు అరిగిపోయాయి. అతను సెప్టెంబరంతా తిరిగి పదిహేడు అంగుళాల రిమ్ములు నాలుగు వెతికి తెచ్చాడు. వాటికి మంచు మీద పట్టు కోసం ఇనుప మేకులు దిగేసిన కొత్త టైర్లు ఎక్కించాడు. ఈ సంగతి కూతురికి చెప్పలేదు. ఆ కారు బ్రేకులు పెద్దవి. చిన్న చక్రం వేస్తే లోపల రాసుకుంటుందేమో తేల్చుకోవాలి. దానికి అతనికి తెలిసిన పద్ధతి ఒకటే. బ్రేకు మీద మెత్తటి ముద్ద అద్ది, చక్రం తగిలించి ఒక చుట్టు తిప్పి, విప్పి, మిగిలిన ముద్ద ఎంత మందం ఉందో కొలవాలి. ఈ పొద్దున ఆరు మిల్లీమీటర్లు మిగిలింది. చాలు. అతను ఆ ముద్దను బల్ల మీద పెట్టి చక్రాన్ని మళ్లీ తగిలించాడు. ఆ పని చేస్తుండగా స్పానర్ రెండుసార్లు చేతిలోంచి జారింది. చలి అనుకున్నాడు.

"నాన్నా, ఏం చేస్తున్నావు?"

హెడ్విగ్ గుమ్మంలో నిలబడి ఉంది. ముప్పై ఆరేళ్ల మనిషి, యార్పెన్ ఆరోగ్య కేంద్రంలో నర్సు. ముందురాత్రే వచ్చింది. పైజామా మీద తల్లి కోటు వేసుకుంది.

"చూడు," అన్నాడు హల్వార్ చక్రం మీద చెయ్యి వేసి. "పదిహేడు. సన్నటి టైరు. మంచు మీద వెడల్పు టైరు తేలుతుంది, సన్నది కోసుకుంటూ దిగుతుంది. నువ్వు రోజూ పోయే దారిలో ఆ చెరువు పక్క పదకొండు కిలోమీటర్లు ఉన్నాయే, వాటికి మేకులు కావాలి."

"నేను ఆర్డరిచ్చేశాను. అది చెప్పడానికే వచ్చాను."

"ఏమిచ్చావు?"

"పద్దెనిమిది అంగుళాల సెట్టు. మేకులు లేనివి. సోమవారం పదింటికి ఉల్రిక్ షాపులో వేస్తారు."

హల్వార్ నిటారుగా నిలబడ్డాడు. ఉల్రిక్ అతని దగ్గర పదేళ్లు పనిచేసి, తర్వాత ఎస్టర్‌షుండ్‌లో సొంత షాపు పెట్టుకున్నవాడు.

"ఉల్రిక్‌కా? వాడికి స్పానర్ పట్టుకోవడం నేర్పిందెవరు? నేను! నన్ను ఒక్క మాట అడగాలని తోచలేదా నీకు?"

"నా కారు నాన్నా. ఉప్పు చల్లిన రోడ్డు మీద మేకులు గోల పెడతాయి. చెవులు పోతాయి."

"చెవులు పోతే పోనీ, ప్రాణం ఉంటుంది! వెనక చక్రాలతో నడిచే బండికి మేకులు లేని టైర్లు వేసేవాడు షాపు మూసుకోవాలి. పద్దెనిమిది ఎందుకు? అందానికా? పేషెంట్లకు చూపిస్తావా?"

"అవును, చూపిస్తాను! వేసవి చక్రం మళ్లీ పెట్టెయ్యి, నేను పోతా."

"పెట్టను."

"నాన్నా!"

"పెట్టనన్నానా? నేను నెల రోజులు తిరిగాను వీటికోసం. సూండ్స్‌వాల్ దాకా పోయి తెచ్చాను. నాకేం తెలియదని తేల్చేశావా? ముసలాడు, వీడి పని అయిపోయింది, సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తే సరిపోతుంది, అంతేనా?"

"అది కాదు!"

"మరేది? మేకుల గోలంటావు, అంగుళాలంటావు. ముప్పై ఏళ్లు ఈ బల్ల పక్కన నిలబడి చూసినదానివి, మేకులు ఎందుకో నీకు తెలియదా?"

"తెలుసు! మేకులు వద్దని ఎవరన్నారు? నాకు వద్దన్నది నీ చేతులు!"

గోడవతల బన్నుల పళ్లెం తీస్తున్న చప్పుడు ఆగింది.

హెడ్విగ్ ఆగలేదు. "పోయినేడాది అక్టోబరులో ఇక్కడి నుంచి బయలుదేరి లిట్ పెట్రోలు బంకులో ఆపాను. వెనక ఎడమ చక్రం మూడు బోల్టులు వేళ్లతో తిరిగాయి. వేళ్లతో! మళ్లీ ఏప్రిల్లోనూ అంతే. ఇప్పుడు నా డిక్కీలో టార్క్ రెంచి ఉంటుంది. ఏప్రిల్లో నువ్వు బిగించాక మలుపు దాటి బస్ స్టాపు దగ్గర ఆపి, అన్నీ మళ్లీ బిగించుకుని పోయాను. దొంగలాగా. నువ్వు చూడకుండా."

"అబద్ధం."

"నేను అబద్ధం చెబుతానా?"

"నలభై ఒక్క ఏళ్లు! ఒక్కడు, ఒక్కడొచ్చి చక్రం ఊడిందన్నాడా? టార్క్ రెంచి చేతకానివాడికి. చాలు అన్న సంగతి నాకు నా చెయ్యే చెబుతుంది."

అతను జాకీ దించి, స్పానర్ అందుకుని ముందు చక్రం బోల్టులు ఐదూ బిగించాడు. ప్రతిదానికీ భుజం ఆనించి, చివర చిన్న కుదుపు ఇచ్చాడు. షాపు తెరిచిన రోజు నుంచి అలాగే బిగిస్తున్నాడు. "ఊఁ, చూడు," అన్నాడు.

హెడ్విగ్ కారు డిక్కీ తెరిచి రెంచి తెచ్చింది. దాని అంకె నూట ముప్పై మీద పెట్టింది. సరిపడా బిగుతు వస్తే అది టక్కుమంటుంది. బోల్టు అప్పటికే సరిగ్గా బిగిసి ఉంటే కదలకుండానే టక్కుమనాలి.

మొదటి బోల్టు పావు చుట్టు తిరిగాక టక్కుమంది. రెండోది అర చుట్టు. మూడోది పావు. నాలుగోది అర. ఐదోది దాదాపు ఒక చుట్టు తిరిగింది.

హల్వార్ ఐదింటినీ చూశాడు. తర్వాత స్పానర్‌ని గోడకేసి కొట్టాడు.

గున్వోర్ పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"నీకు తెలుసా?" అన్నాడతను.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"లిట్ నుంచి నాకే ఫోన్ చేసింది. ఏడ్చింది."

"ఏడాది! ఒకే ఇంట్లో ఉంటూ, నా పక్కన కూర్చుని తింటూ! తల్లీకూతుళ్లు కలిసి నన్ను వెధవని చేశారు."

"చెబితే ఏం చేసేవాడివి? ఈ తలుపుకి తాళం వేసి గోడవైపు తిరిగి పడుకునేవాడివి. నాకు తెలియదా నీ సంగతి? కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటున్నావు, రెండేళ్లుగా. ఏమైందని అడిగితే చలి అంటావు. జులైలో కూడా చలేనా?"

"పోండి. ఇద్దరూ పోండి ఇక్కడి నుంచి."

ఎవరూ కదల్లేదు. అతనే వెళ్లి పాత టైర్ల దొంతర మీద కూర్చున్నాడు. కుడి అరచేతిని మోకాలి మీద పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే మడిచి చూశాడు. చూపుడువేలు, మధ్యవేలు చివరి దాకా ముడుచుకోలేదు.

"లిట్ దాకా ఎంత వేగంలో పోయావు?" అని అడిగాడు చాలాసేపటికి. గొంతు తగ్గింది.

"తొంభై."

"ఎదురుగా ఏమైనా వచ్చాయా?"

"నాన్నా, వదిలెయ్."

"చెప్పు."

"దుంగల లారీలు. రెండు."

అతను తల ఊపాడు. దుంగల లారీ బరువెంతో అతనికి తెలుసు. చక్రం ఊడిన కారు ఎటు తిరుగుతుందో కూడా తెలుసు. అలాంటి కార్లను అతని షాపుకే ఈడ్చుకొచ్చేవారు.

"బంకులో ఎందుకు ఆపావు? చప్పుడొచ్చిందా?"

"చప్పుడేం లేదు." హెడ్విగ్ కోటు చేత్తో ముక్కు తుడుచుకుంది. "గేరు కర్రకి నువ్వు కట్టిన చీటీ ఉంది. అందుకే ఆపాను."

ఆ చీటీ షాపు రోజుల నాటిది. చక్రాలు మార్చిన ప్రతి కారులోనూ అతను ఒకటి కట్టేవాడు. 'యాభై కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాలి.' చాలామంది చింపి పారేసేవారు. ఆమె ఎప్పుడూ చింపలేదు.

హల్వార్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. గున్వోర్ వెళ్లి పిండి అంటిన చెయ్యి అతని వీపు మీద ఆనించింది.

హెడ్విగ్ బల్ల మీది పిండి ముద్దను తీసి చూసింది. ఒకవైపు అణిగిపోయి ఉంది. "ఎంత?"

"ఆరు."

"అయితే రాసుకోదు."

"రాసుకోదు," అన్నాడతను, మొహం మీంచి చేతులు తీయకుండానే.

"సరే, ఇవే వేద్దాం. ఉల్రిక్‌కి ఫోన్ చేసి వద్దంటాను. కానీ సోమవారం పదింటి టైము ఖాళీగా పోనివ్వను. నువ్వు యార్పెన్ వస్తున్నావు. డాక్టర్ నీ చెయ్యి చూస్తాడు."

"నేను..."

"వస్తున్నావు."

అతను గున్వోర్ వైపు చూశాడు. ఆమె అప్పటికే వంటింట్లోకి నడుస్తోంది.

మిగతా మూడు చక్రాలూ హెడ్విగ్ వేసింది. అతను పక్కన నిలబడి బోల్టులు బిగించే వరస చెప్పాడు. పక్కపక్కవి కాదు, ఒకటి వదిలి ఒకటి. బన్నులు తిన్నాక చీటీ రాశాడు. అక్షరాలు గీత దాటిపోయాయి. అయినా గేరు కర్రకి తనే కట్టాడు.

"ఎక్కు," అంది హెడ్విగ్.

"ఎక్కడికి?"

"లిట్ దాకా. యాభై కిలోమీటర్లు. అక్కడి నుంచి ఇంటికి రెండున్నర బస్సుంది నీకు."

దారి పొడుగునా మేకులు తారు మీద గోల చేశాయి. "చెవులు పోయాయి," అందామె ఒకసారి.

లిట్ బంకులో గాలి పంపు పక్కన ఆపింది. రెంచి తీసి తండ్రికి ఇచ్చింది.

"నువ్వే బిగించు. చెయ్యి చెప్పక్కర్లేదు. వినబడితే చాలు."

అతను చేతి తొడుగులు తీసి కారు కప్పు మీద పెట్టి వంగాడు. మొదటి బోల్టు కదలకుండానే టక్కుమంది. అతను ఆగి, విని, తర్వాతి దానికి జరిగాడు. కారు చుట్టూ తిరిగి ఇరవై లెక్కపెట్టాడు. ఇరవయ్యోది అయ్యాక చీటీ విప్పి జేబులో పెట్టుకున్నాడు.

తొడుగులు అందుకోబోతే కుడిచేతిది జారి మంచులో పడింది. వంగాడు. వేళ్లు దాన్ని పట్టుకోలేదు. రెండోసారీ పట్టుకోలేదు.

హెడ్విగ్ దాన్ని తీసి, దులిపి, అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఒక్కో వేలూ సరిచేస్తూ తొడిగింది. అతను చెయ్యి వెనక్కి లాక్కోలేదు.