బూర పిలిచిన పేరు

ఆ రోజు ఇంట్లో ఉన్నది పెదనాన్న భీమరాజు, పెద్దమ్మ మంగాయమ్మ, కోమలి. లంకల మీద పెత్తనం చేసే కొండవాళ్లకి తెలిసినంత వరకు అంతే. అటక మీద పాత వలల వెనక పడుకున్న జలజక్క కొండ లెక్కలో లేదు. నడవలో ఓ మూల ఆకుపచ్చ దీపంతో కూర్చున్న, కొండ నుంచి జబ్బులకి రాతలు దింపే యంత్రం దింపరిని మాత్రం పెద్దమ్మ ఇంటి మనిషిగానే చూసేది. అది అన్నం అడగదు గానీ మా ఆడపడుచులా పొద్దస్తమానం వాగుతుందని అనేది.

కోమలి తల తుడుచుకోకుండానే దింపరి ముందు కూర్చుంది. ఆ రోజు రాతలు దిగాల్సినవాళ్ల పేర్లతో కొండ నుంచి పిలుపుపట్టీ అప్పటికే వచ్చి ఉంది. దాన్ని దింపరికి అందించి, అది తెర మీద రాసుకునే పద్దు, జాడ, పాతదాని కిందే పడేలా ఆజ్ఞ కొట్టింది. జాడని ఎప్పుడూ చెరిపి మొదటినుంచి రాయించకూడదు. నిన్నటిదాని కింద ఇవాళ్టిది, ఇవాళ్టిదాని కింద రేపటిది. పెదనాన్నకి చూపు తగ్గి ఆమెని ఈ పనిలో కూర్చోబెట్టినప్పుడు మొట్టమొదట నేర్పింది అదే.

పైకప్పు మీది బూర గరగరలాడి, జాడలో పడిన వరసని ఊరంతటికీ చదివింది.

"పాల నరసమ్మ. గుండెరాత. దిగింది."

ఎదురింట్లోంచి కంచుపళ్లెం మీద గరిటెతో ఒక్క దెబ్బ వినిపించింది. బూర చెవి ఆ దెబ్బని పట్టుకుంది. తెర మీద 'అందింది' అని పడింది. అలా పడితేనే రాత విప్పుకుని నరసమ్మ మంచం పక్కనున్న మందుగిన్నెలోకి పోతుంది. దెబ్బ పడకపోతే మనిషి లేదనుకుని కొండకి తిరిగిపోతుంది. వరద తర్వాత కొండవాళ్లు ఇందుకోసం చేతికి కట్టుకునే ముద్రలు ఇచ్చారు. అవి ఉప్పుగాలికి తుప్పుపట్టాయి. గరిటెలకి ఏమీ కాలేదు. అప్పట్నించీ ఎత్తులంకలో ఎవరి పేరు పిలిస్తే వాళ్లింట్లో గరిటె మోగుతుంది.

సూరమ్మత్త పేరు వచ్చినప్పుడు ఎప్పట్లాగే రెండు దెబ్బలు పడ్డాయి. దింపరికి ఏ ఇంటి గరిటో తెలియదు, దెబ్బే తెలుసు. అందుకని జాడలో 'అందింది' అని రెండుసార్లు రాసుకుంది. దీని గురించి పెదనాన్న ఆవిడతో ఎన్నోసార్లు గొడవపడ్డాడు. ఒక్క దెబ్బ చాలు కదమ్మా అంటే, ఒకటి నాకు, ఒకటి మా ఆయనకి అనేది. ఆయన పోయి చాలా కాలమైంది. పోయినోడి పేరు పట్టీలోంచి కొట్టేశారు కదా అని పెదనాన్న అంటే, "కొండోళ్లు కొట్టేశారు. నేను కొట్టేశానా?" అని తలుపేసుకునేది.

పట్టీ అయిపోయింది. బూర ఆగిపోయాక అటక మీది చప్పుడు వినబడింది. సన్నటి ఈల. ఊపిరి లోపలికి వెళ్లేటప్పుడు ఒకటి, బయటికి వచ్చేటప్పుడు ఒకటి.

వరదలో అమ్మానాన్నా పోయాక, జలజని కొండవాళ్లు గాజుకప్పుల కింద పెంచే గాజుతోటల్లో పనికి తీసుకుపోయారు. అక్కడి ఆవిరి ఆమె ఊపిరితిత్తుల్ని తినేసింది. అప్పుడు వాళ్లే లోపల ఊపిరిపెట్టె అమర్చారు. దానికి రోజూ ఒక రాత కావాలి. చెప్పకుండా పారిపోయి వచ్చినందుకు ఆమె పేరు కొట్టేశారు. వస్తూ దాచుకున్న రాతల్లో చివరిది ఈ మధ్యాహ్నంతో అయిపోతుంది.

కోమలి నిచ్చెన ఎక్కి చూసింది. అక్క రొమ్ము మీద చర్మం కింద మెరిసే చుక్క, నిన్న పచ్చగా ఉన్నది, ఇప్పుడు చింతనిప్పులా ఉంది. అక్క పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి.

"భయపడకే," అంది జలజ. మధ్యలో రెండుసార్లు ఆగి, "రాత కొండ మీదే ఉంది. వాళ్లు రాతలు తీసెయ్యరు. పట్టీలోంచి పేరు తీస్తారంతే. పట్టీ లేకుండా అడిగేవాళ్లుంటారని వాళ్లకి తోచదు," అంది.

పట్టీ లేకుండా అడగొచ్చని కోమలికి తెలుసు. పట్టీ పేరు ఉండాల్సిన చోట చిన్న గీత ఒకటి పెడితే, దింపరి మనం చేత్తో కొట్టే చేతివరస కోసం ఎదురుచూస్తుంది. ఒకసారి పొరపాటున అలా కొడితే పెదనాన్న ఆమె చెయ్యి పట్టుకుని లాగేశాడు.

జలజకి రాత దింపడం కుదరదని రాత్రే ఆయన తేల్చేశాడు. పడమటిలంకలో ఎవరో పట్టీలో లేని మనిషికి రాత దింపారని కొండ తనిఖీవాళ్లు దింపరినే ఎత్తుకుపోయారు. వానలు వెళ్లి చలి వచ్చేదాకా కొత్తది ఇవ్వలేదు. అన్నాళ్లూ ఏటికి అవతల చితిపొగలు లేస్తుంటే ఎత్తులంకవాళ్లు అరుగుల మీద నిలబడి చూశారు. "అది నా తమ్ముడి కూతురు. నాకు బాధ లేదా?" అన్నాడు పెదనాన్న. "కానీ నరసమ్మ గుండెకి నేనేం చెప్పనమ్మా?" ఆ తర్వాత ఆయన అన్నం ముట్టలేదు.

పైగా తనిఖీ పడవ ఇవాళే వస్తోంది. ఏటి మలుపులో దాని తెల్లజెండా కనిపించగానే పెదనాన్న చొక్కా తొడుక్కుని, యంత్రం ఆపేసి గది తుడవమని చెప్పి, రేవుకి వెళ్లాడు.

కోమలి యంత్రం ఆపలేదు. ఆపడానికే కూర్చుంది. చెయ్యి మీటదాకా వెళ్లింది. అటక మీద ఈల ఆగి, చాలాసేపటికి మళ్లీ మొదలైంది.

గీత కొట్టింది. తెర ఖాళీగా, ఆమె చేతివరస కోసం చూస్తూ నిలిచింది.

తర్వాత జాడ సంగతి. దింపరికి మౌనం అనే ఆజ్ఞ ఉంది. అది కొడితే జాడ పడదు. కోమలి ఆ మాట కొట్టింది కూడా, కొట్టాక ఆగింది. జాడ పడకపోతే బూర చదవదు. బూర చదవకపోతే గరిటె దెబ్బకి అర్థం లేదు. దెబ్బ లేకపోతే రాత విప్పుకోదు. అక్కని రహస్యంగా బతికించే దారి ఆ యంత్రంలో ఎక్కడా లేదు. పిలిస్తే ఊరంతా వినేలా పిలవాలి. రేవులో దిగుతున్న తనిఖీదారు కూడా వినేలా.

క్లాసులో పేరు పిలిస్తేనే గొంతు పెగలని పిల్ల కోమలి. చుట్టాలొస్తే తలుపు చాటున నిలబడేది. ఆమె మౌనాన్ని ఒక్కో అక్షరమే చెరిపింది. అటకెక్కి అక్క మెడలోని ఇత్తడి బిళ్ల తెచ్చుకుని, దాని మీది ఆమె రాత గుర్తు చూసి కొట్టింది. రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి మీట నొక్కి కళ్లు మూసుకుంది.

"గుబ్బల జలజ," అంది బూర. రోజూ అనే గొంతుతోనే అంది. "ఊపిరిరాత. దిగింది."

కోమలి వంటింట్లోకి పరిగెత్తింది. పెద్దమ్మ పొయ్యి దగ్గర గరిటెని రెండు చేతులతో గుండెకి అదుముకుని నిలబడి ఉంది. "ఇయ్యి పెద్దమ్మా," అంది కోమలి. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమె వేళ్లని కోమలి ఒక్కొక్కటీ విడదీయబోయింది. అవి మళ్లీ బిగుసుకున్నాయి. గరిటె మోగాల్సిన సమయం గడిచిపోతోంది. ఇంకాసేపుంటే రాత తిరిగిపోతుంది. వీధిలో కోడి కూడా అరవడం లేదు.

అప్పుడు ఎక్కడో చెరువుగట్టు వైపు నుంచి ఒక దెబ్బ పడింది. కాస్త ఆగి రెండోది.

సూరమ్మత్త.

'అందింది. అందింది.' అటక మీద ఈల తెగిపోయింది. కోమలి ప్రాణం పోయినంత పనైంది. మరుక్షణం అక్కడి నుంచి పొడుగాటి శ్వాస ఒకటి, ఏ చప్పుడూ లేకుండా, మామూలు మనుషుల శ్వాసలా వచ్చింది.

ఎదురింట్లో నరసమ్మ పళ్లెం మోగింది. ఆ పక్కిల్లు మోగింది. తర్వాత వీధి చివర, ఆ తర్వాత రేవు దగ్గర గుడిసెల్లో. కోమలి తిరిగొచ్చి చూస్తే తెర మీద జాడ ఒకదాని కింద ఒకటిగా పరిగెడుతోంది. అందింది, అందింది, అందింది. జలజ ఏ ఇంట్లో ఉందో చెప్పమంటే, ఆ జాడ ప్రతి ఇంటినీ చూపిస్తుంది. అయినా కోమలికి ధైర్యం రాలేదు. ఇప్పుడు పోయేది ఒక్క ఇల్లు కాదు.

అరుగు కింద అడుగుల చప్పుడు. ముందు పెదనాన్న వచ్చాడు, రొప్పుతూ. వీధిలోంచి కొత్త గొంతు ఒకటి, ఏమండీ, ఈ పేరు ఎవరి పట్టీలోదండీ, అని మర్యాదగా అడుగుతోంది. దాని వెనకే బరువైన చెప్పులు నడుస్తున్నాయి.

పెదనాన్న చెయ్యి, పీకితే దింపరి ఆగిపోయే గోడ మీది తీగ వైపు వెళ్లింది. కోమలి గోడకి అతుక్కుపోయింది. ఆయన తెరకి ముఖం ఆనించినంత దగ్గరగా వంగి చూశాడు. తర్వాత తలెత్తి, అటక వైపు చెవి పెట్టాడు. అక్కడ ఈల లేదు.

"జాడ చెరిపేవా?" అన్నాడు గొంతు తగ్గించి.

"లేదు పెదనాన్నా. పాతదాని కిందే పడుతోంది."

"చెరపకు. పడనీ."

తీగ మీద నుంచి చెయ్యి తీసేశాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు. కోమలికి ఎంత లాగినా రాని గరిటెని పెద్దమ్మ ఆయన చేతిలో పెట్టి, గోడకున్న పళ్లెం కూడా తీసి ఇచ్చింది. రెండూ పట్టుకుని ఆయన అరుగు మీదికి అడుగుపెట్టాడు. వెనకే వెళ్లబోయిన కోమలిని మోచేత్తో లోపలికి నెట్టి, ఆమె ముఖం మీదే తలుపు మూసేశాడు.